పాప, పిల్లి, ఒక కథ: పిల్లల కోసం రాయడం ఎలా?

పిల్లిని ప్రాణంగా చూసుకునే పాప కథ రాయాలని కూర్చుంటే మొదటి వాక్యం సులువుగానే వచ్చేస్తుంది. ‘అనగనగా ఒక పాప. ఆ పాపకు తన పిల్లి అంటే ఎంతో ఇష్టం.’ చిక్కంతా ఆ తర్వాతే. పిల్లి ముద్దుగా ఉంది, పాప ముద్దుగా ఉంది, ఇద్దరూ ఆడుకున్నారు, ఇద్దరూ నిద్రపోయారు. కథ అయిపోయింది. వింటున్న పిల్లలు ‘తర్వాత?’ అని అడగరు.

ఇష్టం ఉందని మనం చెప్పినంత మాత్రాన పిల్లలు నమ్మరు. ఆ పాపకు తన పిల్లి గురించి ఎంత తెలుసో చూపిస్తే నమ్ముతారు. ఎక్కడ నిమిరితే గుర్రుమంటుందో, ఎక్కడ చెయ్యి పెడితే చటుక్కున లేచిపోతుందో, భయమేస్తే ఎక్కడ దూరుతుందో ఇంట్లో పెద్దవాళ్లకు తెలియకపోవచ్చు. పాపకు తెలుసు. అలాంటి సంగతి ఒక్కటి మీ చేతికి దొరికితే దాని చుట్టూ కథ అల్లుకోవచ్చు. ఇక్కడ చెప్పబోయే పద్ధతికి అదే ఆధారం. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

1. ముందు పిల్లిని చూడండి

రాయడం మొదలుపెట్టక ముందు ఒక నిజం పిల్లిని గమనించండి. మీ ఇంట్లోదైనా, పక్కింటిదైనా, గోడ మీద కూర్చునేదైనా సరే. తెల్లవారుజామున, చీకటి పడే వేళ చూడండి. పిల్లులు బాగా హుషారుగా ఉండేది అప్పుడే. మిగతా సమయంలో చాలావరకు నిద్రే. పెద్ద పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. కథలో పాప బడి నుంచి రాగానే పిల్లి పరుగెత్తుకొచ్చి ఒళ్లో వాలిపోతుందని రాయడం తప్పు కాదు, కానీ అది అందరూ రాసేదే. పాప వచ్చినా పిల్లి కళ్లు తెరవలేదనీ, ఒక చెవిని మాత్రం ఇటు తిప్పిందనీ రాసి చూడండి. అక్కడ నిజం పిల్లి కనిపిస్తుంది.

దాని మనసు తోకలో తెలుస్తుంది. తోక నిట్టనిలువుగా లేపి, కొస కాస్త వంచి నడిచొస్తే అది పలకరింపు. తోకను అటూ ఇటూ కొడుతుంటే విసుగొచ్చిందని, ‘ఇక చాలు’ అంటోందని. వెంట్రుకలు నిక్కబొడుచుకుని తోక లావెక్కితే భయపడిందని. సంతోషం పట్టలేక పిల్లి తోక ఊపిందని రాశారనుకోండి, ఇంట్లో పిల్లి ఉన్న ఐదేళ్ల పాప కూడా తప్పు పట్టేస్తుంది.

మనిషి కాళ్లకు చెంప రుద్దుకుంటూ తిరగడం అందరూ చూసిందే. దాని చెంపల దగ్గర వాసన గ్రంథులు ఉంటాయి. అలా రుద్ది తన వాసన అంటిస్తుంది, తనవాళ్లని గుర్తు పెట్టుకుంటుంది. మెత్తటి దుప్పటి కనిపిస్తే ముందు కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటిగా నొక్కుతూ ఉండటం కూడా చూసే ఉంటారు. పసికూనగా తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు పొట్టను అలా నొక్కేది. పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోదు. ఈ సంగతి పిల్లలకు చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. పెద్ద పిల్లిలో పసికూన ఇంకా ఉందన్న మాట వాళ్లకు చాలా దగ్గరగా తగులుతుంది.

‘మ్యావ్’ సంగతి ఇంకా బాగుంటుంది. పెద్దయిన పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే. ఒక్కో పిల్లి తనవాళ్ల దగ్గర ఒక్కో రకంగా అరవడం నేర్చుకుంటుంది. అంటే మీ కథలో పిల్లికి పాప కోసం మాత్రమే దాచుకున్న మ్యావ్ ఒకటి ఉండొచ్చు. తలుపు తియ్యమనే మ్యావ్ వేరు, ‘నువ్వెక్కడున్నావ్’ అనే మ్యావ్ వేరు.

గుర్రుమనడం విషయంలో మాత్రం జాగ్రత్త. హాయిగా ఉన్నప్పుడే కాదు, నొప్పిగా ఉన్నప్పుడు, భయపడినప్పుడు కూడా పిల్లి గుర్రుమంటుంది. పెద్దవాళ్లు ‘గుర్రుమంటోందిగా, బాగానే ఉంది’ అంటుంటే పాప మాత్రం ‘కాదు, దీనికి ఒంట్లో బాగాలేదు’ అని పట్టుబట్టే సన్నివేశం ఒక్కటి చాలు, మంచి కథకు.

ఇంకో రెండు సంగతులు పనికొస్తాయి. 2020లో బ్రిటన్‌లోని సస్సెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక విషయం గమనించారు. మనిషి కళ్లు కాస్త చిన్నవి చేసి మెల్లగా మూసి తెరిస్తే పిల్లులు కూడా తిరిగి అలాగే చేస్తున్నాయి. అలా చేసిన కొత్త మనిషి చెయ్యి చాపితే దగ్గరికి రావడానికి కూడా ఎక్కువ ఇష్టపడుతున్నాయి. అంతకు ముందు ఏడాది, 2019లో, జపాన్ పరిశోధకులు పిల్లులు తమ పేరును అలాగే వినిపించే వేరే మాటల నుంచి విడిగా గుర్తుపట్టగలవని తేల్చారు. పేరు వినగానే చెవులు, తల కదిపాయి. పిలిస్తే రావడం రాకపోవడం దాని ఇష్టం!

చూసినవన్నీ చిన్న చిన్న వాక్యాలుగా రాసుకోండి. ‘భలే ముద్దుగా ఉంది’ అని రాసుకుంటే తర్వాత ఎందుకూ పనికిరాదు. ‘గిన్నె దగ్గరికొచ్చింది, నీళ్లను పంజాతో తాకింది, పంజా విదిలించింది, అప్పుడు తాగింది’ అని రాసుకుంటే అది నేరుగా కథలోకి వచ్చేస్తుంది.

2. రూపం, పేరు

రంగును సరదాకి ఎంచుకోకండి. తెలుపు, నలుపు, నారింజ మూడూ మచ్చలుగా ఉన్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ, నలుపు రంగులను నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటమే కారణం. పూర్తిగా నారింజ రంగులో ఉండే పిల్లుల్లో మగవి ఎక్కువ. నీలి కళ్ల తెల్ల పిల్లుల్లో చాలావాటికి పుట్టుకతోనే చెవులు వినిపించవు. ఈ చివరి సంగతి కథకు ముడిసరుకు: అందరూ పేరు పెట్టి పిలుస్తూ, పలకడం లేదని కోప్పడుతుంటే, నేలను తట్టి పిలవాలని కనిపెట్టిన పాప కథ రాయొచ్చు.

పసికూనను పెడితే వయసు సరిచూసుకోండి. పుట్టిన వారం, పది రోజులకు గానీ కళ్లు తెరవవు. తెరిచినప్పుడు అన్నిటికీ నీలంగానే ఉంటాయి, అసలు రంగు కొన్ని వారాల తర్వాత వస్తుంది. కనీసం ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలి కాబట్టి, నిన్న పుట్టిన కూనను పాప ఇంటికి తెచ్చుకున్నట్టు రాయకండి.

పేరు పెట్టాక బయటికొచ్చి గట్టిగా పిలిచి చూడండి. మన భాషలో దూరంగా ఉన్నవాళ్లను పిలిస్తే చివరి అచ్చు సాగుతుంది. అలా సాగదీసినప్పుడు బాగా పలికే పేరు పెట్టాలి. చదివి వినిపించే అమ్మానాన్నలు ఆ పేరును కథలో పదిసార్లు పిలవాలి మరి. ఈ వ్యాసమంతటా ఒకే ఉదాహరణ తీసుకుందాం. మూడు రంగుల మచ్చల పిల్లి. రకరకాల గుడ్డముక్కలు కలిపి కుట్టినట్టు ఉంటుంది కాబట్టి పేరు బొంత. ‘బొంతా!’ అని పిలిస్తే బాగుంది. పాప పేరు నీలు, ఆరేళ్లు.

పాప పేరుకూ పిల్లి పేరుకూ మొదటి అక్షరం ఒకటే కాకుండా చూసుకోండి. మిన్ను, మిన్నీ అని పెడితే వినే పిల్లలకు ఎవరు ఎవరో అర్థం కాదు.

3. పాపను బంగారుబొమ్మను చేయకండి

పాప మంచిదే. కానీ మంచితనం ఒక్కటే ఉంటే పిల్లలకు తమలాంటి పాప అనిపించదు. ఏదో ఒకటి కష్టంగా ఉండాలి, ఏదో ఒకటి కావాలని ఉండాలి. నీలుకు కొత్తవాళ్లంటే బెరుకు. పేరు అడిగితే అమ్మ వెనక దాక్కుంటుంది. ఎక్కువసార్లు అడిగితే కోపం వచ్చేస్తుంది. బొంత కూడా అంతే, ఎవరైనా ఇంటికొస్తే మంచం కిందికి తుర్రుమంటుంది. ఇద్దరిదీ ఒకే స్వభావమని కథలో ఎక్కడా చెప్పకండి. వినే పిల్లలే కనిపెడతారు. కనిపెట్టినప్పుడు వాళ్ల ముఖంలో వచ్చే వెలుగును మీరు ముందే చెప్పేసి ఆర్పేయొద్దు.

పాప పిల్లిని పొరపాటున ఇబ్బంది పెట్టే ఘట్టం ఒకటి ఉంటే ఇంకా మంచిది. గట్టిగా ఎత్తుకుంటుంది, బొంత గీరుతుంది. పాప ఏడుస్తుంది, అలుగుతుంది, మళ్లీ దగ్గరికెళ్తుంది. ఈసారి ఎత్తుకోకుండా పక్కన కూర్చుంటుంది. ఇష్టం పెరగడమంటే పిల్లలకు ఇలా కనిపించాలి.

4. పాపకు మాత్రమే తెలిసిన సంగతి

ఇప్పుడు మీరు రాసుకున్న పుస్తకం తెరిచి, పాపకు తెలిసి పెద్దవాళ్లకు తెలియని సంగతులు మూడు నాలుగు పక్కకు తీయండి. నీలు, బొంతల కథకు ఇవి అనుకుందాం: భయపడితే బొంత అరవదు, ఊపిరి బిగబట్టి ఉండిపోతుంది. నీలు పాత దుప్పటి వాసన వస్తే దాని మీదే పడుకుంటుంది. చెయ్యి చాపితే పారిపోతుంది, కళ్లు మెల్లగా మూసి తెరిస్తే వస్తుంది.

ఈ మూడింటినీ కథ మొదటి భాగంలో మామూలు విషయాల్లా చూపించేయాలి. ఇది చాలా ముఖ్యం. చివర్లో పాప చేసే పని గాల్లోంచి ఊడిపడినట్టు ఉండకూడదు. వింటున్న పిల్ల ‘ఆ, నాకు తెలుసు! కళ్లు మూసి తెరవాలి!’ అని పాప కంటే ముందే అరవాలి. అలా అరిచిందంటే కథ పండినట్టే.

5. చిక్కు

చిక్కు కోసం దొంగనో, పులినో, తుఫానునో తేవాల్సిన పని లేదు. పాప స్వభావం లోంచీ పిల్లి స్వభావం లోంచీ రానివ్వండి. కొత్త చోటంటే ఇద్దరికీ భయం కాబట్టి ఇల్లు మారడమే చిక్కు. సామాన్లు దింపుతున్నారు, తలుపులు తెరిచే ఉన్నాయి, అందరూ హడావిడిగా తిరుగుతున్నారు. సాయంత్రానికి బొంత లేదు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన నిజం ఒకటుంది. తప్పిపోయిన ఇంటి పిల్లులు చాలావరకు దూరం పోవు. దగ్గర్లోనే ఏదో సందులో, ఏదో చీకటి మూలలో నక్కి ఉంటాయి. భయంతో ఉన్న పిల్లి సొంత మనిషి పిలిచినా పలకకపోవచ్చు. పెద్దవాళ్లు వీధిలోకి వెళ్లి గట్టిగా పిలుస్తారు, అది ఇంకా ముడుచుకుపోతుంది. కథకు కావలసిన ఉత్కంఠ అంతా ఇందులోనే ఉంది. అట్టపెట్టె సంగతి కూడా కలపండి. 2014లో నెదర్లాండ్స్‌లోని ఒక పిల్లుల సంరక్షణ కేంద్రంలో జరిగిన పరిశీలనలో, దాక్కోవడానికి పెట్టె ఇచ్చిన పిల్లులు కొత్త చోటుకు తొందరగా అలవాటు పడ్డాయి. కొత్త ఇంట్లో సగం విప్పిన అట్టపెట్టెలకు కొదవేముంది? వాటిలో ఒకదాంట్లో నీలు పాత దుప్పటి ఉంది.

చిక్కును విప్పేది పాపే అయ్యుండాలి. ఇక్కడ చాలామంది రచయితలకు చెయ్యి జారుతుంది. నాన్న టార్చ్‌లైట్ వేసి వెతికి పెట్టేస్తారు, లేదా పక్కింటాయన పిల్లిని ఎత్తుకొచ్చి ఇస్తారు. అప్పుడు నీలుకు కథలో ఏడవడం తప్ప పనుండదు. పెద్దవాళ్లు సాయం చేయొచ్చు, ఓదార్చొచ్చు, తప్పు చోట వెతకొచ్చు. కీలకమైన పని మాత్రం పాపకే వదిలేయండి.

దొరికే ముందు రెండు ప్రయత్నాలు బెడిసికొట్టాలి. మొదట అందరూ పిలుస్తారు, రాదు. తర్వాత గిన్నె చప్పుడు చేస్తారు, రాదు. మూడోసారి నీలు తనకు తెలిసినట్టు చేస్తుంది. నాలుగైదు ప్రయత్నాలు పెడితే చిన్నపిల్లలు అలసిపోతారు. ఒకే ప్రయత్నంలో దొరికితే టెన్షన్ ఉండదు.

6. నిడివి, అక్షరాలు

బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీల్లో వస్తాయి. పెద్ద కాగితాన్ని మడిచి కోసే ముద్రణ పద్ధతికి అది సరిపోతుంది. పేరు పేజీ వగైరా పోగా 12 నుంచి 14 జంట పేజీలు మిగులుతాయి. కాబట్టి కథను 12 దృశ్యాలుగా విడగొట్టుకోండి. ఒక్కో దృశ్యానికి ఒక్కో చీటీ రాసి నేల మీద పరిస్తే ఎక్కడ సాగుతోందో కంటికే కనిపిస్తుంది. ఉత్కంఠ ఉన్న వాక్యం కుడి పేజీ చివర రావాలి. అప్పుడే పేజీ తిప్పాలనిపిస్తుంది.

మన మాటలకు విభక్తులూ ప్రత్యయాలూ అతుక్కుని ఉంటాయి కాబట్టి తక్కువ మాటల్లోనే ఎక్కువ చెప్పొచ్చు. నాలుగైదేళ్ల వాళ్లకు చదివి వినిపించే కథ 300 నుంచి 400 మాటలుంటే హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. ఏడెనిమిదేళ్ల వాళ్లకు 800 దాకా వెళ్లొచ్చు.

మీ కథ ఎవరైనా చదివి వినిపించేదా, పిల్లలే కూడబలుక్కుని చదివేదా అన్నది ముందే తేల్చుకోండి. వినిపించేదైతే ఏ మాటైనా వాడొచ్చు, కష్టమైన మాట ఒకటి రెండు ఉంటే పిల్లలకు ఇష్టం కూడా. పిల్లలే చదివేదైతే వత్తులు చూసుకోవాలి. పిల్లి, అమ్మ, గిన్నె లాంటి ద్విత్వాక్షరాలు తొందరగానే వస్తాయి. రెండు వేరు వేరు హల్లులు కలిసిన సంయుక్తాక్షరాల దగ్గర నాలుక తడబడుతుంది. ‘నిశ్శబ్దంగా నిష్క్రమించింది’ అనే బదులు ‘చప్పుడు లేకుండా వెళ్లిపోయింది’ అంటే సరిపోయే చోట సరిపెట్టండి. ‘వచ్చెను, చూచెను’ అసలే వద్దు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

7. చిత్తు రాయడం, తిరగరాయడం

మొదటి చిత్తు ఆగకుండా రాసేయండి. అది ఇలా రావచ్చు:

నీలుకు బొంత అంటే ఎంతో ప్రేమ. బొంత కనిపించకపోయేసరికి చాలా బాధపడింది. కన్నీరుమున్నీరుగా ఏడ్చింది. ఇల్లంతా వెతికింది. చివరికి ఒక పెట్టెలో దొరికింది. నీలు ఆనందానికి అవధులు లేవు.

ఇందులో తప్పేమీ లేదు. కానీ కంటికి ఏమీ కనిపించదు. ప్రేమ, బాధ, ఆనందం అన్నీ మనమే చెప్పేశాం. ఇప్పుడు ఆ మాటలన్నీ తీసేసి, ఆ నిమిషం నీలు ఏం చేసిందో మాత్రమే రాయండి:

నీలు నేల మీద బోర్లా పడుకుంది. చెంప నేలకు ఆనించింది.
ఇక్కడి నుంచి చూస్తే ఇల్లు వేరేగా ఉంది. కుర్చీ కాళ్లు. మంచం కింద చీకటి. గోడ పక్కన పెట్టెలు.
ఒక పెట్టె మూత కొంచెం తెరిచి ఉంది.
లోపల రెండు మెరుపులు.
“బొంతా,” అంది నీలు. గట్టిగా అనలేదు. ఊపిరితో అంది.
మెరుపులు కదల్లేదు.
నీలు చెయ్యి చాపలేదు. కళ్లు సగం మూసింది. మెల్లగా, మొత్తం మూసింది. మెల్లగా తెరిచింది.
చాలాసేపు ఏమీ కాలేదు.
తర్వాత మెరుపులు మెల్లగా సన్నబడ్డాయి. ఆరిపోయాయి.
మళ్లీ వెలిగాయి.

రెండో చిత్తులో ప్రేమ అన్న మాటే లేదు. పాప నేల మీద పడుకుని పిల్లి ఎత్తు నుంచి ఇంటిని చూడటం దగ్గరే అది తెలిసిపోతుంది. మాటలు కూడా చిన్నవి, పిల్లలు కూడబలుక్కుని చదవగలిగినవి.

ఒక చిన్న లెక్క సరిచూసుకోవాలి. పిల్లి కళ్లు వాటంతట అవి వెలగవు. కంటి వెనక ఉండే అద్దంలాంటి పొర బయటి వెలుతురును తిప్పి కొడుతుంది. కాబట్టి నీలు వెనక కిటికీయో, దీపమో ఉండాలి. గదంతా కటిక చీకటైతే మెరుపులు కనిపించవు. కరెంటు పోయిందని ముందు రాసి ఉంటే దాన్ని తీసేయాల్సిందే.

తిరగరాసేటప్పుడు మన భాషలో ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ‘వచ్చింది, దూకింది, నిద్రపోయింది’ అంటే పాపకూ అదే క్రియ, పిల్లికీ అదే క్రియ. పైగా మనం కర్తను వదిలేసి మాట్లాడతాం. ‘ఒళ్లో కూర్చుంది. తల నిమిరింది. కళ్లు మూసుకుంది.’ ఎవరు ఎవరి ఒళ్లో కూర్చున్నారు, ఎవరు కళ్లు మూసుకున్నారు? మీకు తెలుసు, వినే పిల్లకు తెలియదు. అందుకే ఇలాంటి కథలో పేర్లు మామూలు కంటే ఎక్కువసార్లు వాడాలి. పని ఒకరి నుంచి ఇంకొకరికి మారిన ప్రతిచోటా పేరు పెట్టండి. పాపకు ‘ఆమె’ అనేది కూడా కాస్త దూరంగా వినిపిస్తుంది, ‘నీలు’ అనే మళ్లీ మళ్లీ అనండి. మగపిల్లిని పెట్టి ‘వచ్చాడు, దూకాడు’ అని రాసేవాళ్లూ ఉన్నారు. తికమక తీరుతుంది, కానీ పిల్లి మనిషిలా మారిపోతుంది. మాట్లాడే పిల్లి కథల్లోనే అది నప్పుతుంది.

పిల్లి మాట్లాడాలా వద్దా అన్నది మొదటి పేజీకి ముందే తేల్చుకోవాలి. మాట్లాడే పిల్లి కథలు బాగుంటాయి, వాటి దారి వేరు. పాపకు తన పిల్లి ఎంత తెలుసన్నది మీ కథకు ప్రాణమైతే పిల్లి మాట్లాడకూడదు. నోరు విప్పి ‘నాకు భయంగా ఉంది’ అనేస్తే నీలు కనిపెట్టడానికి ఏం మిగిలింది?

చప్పుడు మాటలకు మన దగ్గర లోటు లేదు. చెంగున దూకడం, తుర్రున పారిపోవడం, సరసరా ఎక్కడం, గబుక్కున లాక్కోవడం: పిల్లలు ఇలాంటివి వింటూనే చేతులూ కాళ్లూ కదుపుతారు. దృశ్యానికి ఒకటి చాలు. ప్రతి వాక్యంలో ఉంటే ఏదీ వినిపించదు. అలాగే ‘చూసి, లేచి, వెళ్లి, తీసి, ఇచ్చి’ అంటూ ఒకే వాక్యంలో పనులన్నీ గుదిగుచ్చకండి. పరుగు చూపించే చోట ఒకసారి అలా రాస్తే బాగుంటుంది, మిగతా చోట్ల విడగొట్టండి.

8. పిల్లలు చూసి నేర్చుకునేవి

కథలో పాప ఏం చేస్తే వినే పిల్లలు ఇంటికెళ్లి అదే చేస్తారు. అందుకని కొన్ని విషయాల్లో పట్టుదలగా ఉండండి. గిన్నెలో పాలు పోసి పిల్లికి పెట్టడం మన సామెతల దగ్గర్నుంచీ ఉన్నదే, కానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. నీళ్ల గిన్నె పెట్టండి. చాక్లెట్, ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష పిల్లులకు విషంతో సమానం. తీపి రుచి వాటికి తెలియనే తెలియదు కాబట్టి పాప తన మిఠాయిలో సగం పెట్టే దృశ్యానికి అర్థమూ లేదు. దారం ఉండతో ఆడే పిల్లి బొమ్మ చూడ్డానికి బాగుంటుంది, నిజంలో మింగిన దారం పేగులకు చుట్టుకుని ప్రాణం మీదికి తెస్తుంది. దారం బదులు కాగితం ఉండ పెట్టినా సరదా ఏమీ తగ్గదు.

ఇవన్నీ నీతి వాక్యాలుగా చెప్పక్కర్లేదు. నీలు నీళ్లు మార్చిందని రాస్తే చాలు.

సామెతల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి, ఎలుకతో చెలగాటమాడే పిల్లి, మన నానుళ్లలో పిల్లికి దొంగబుద్ధి అంటగట్టేశాం. రాస్తుంటే ఆ మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి. ప్రేమించిన పిల్లి కథలో వాటిని పక్కన పెట్టి, మీరు కళ్లారా చూసిన పిల్లినే రాయండి.

9. ముగింపు

బొంత దొరికింది. నీలు దాన్ని ఎత్తుకుని గట్టిగా ముద్దు పెట్టుకుంటే కథంతా చెప్పుకొచ్చింది తప్పైపోతుంది. పెట్టె పక్కనే పడుకుని ఎదురుచూడాలి. బొంత తనంతట తాను బయటికి రావాలి, తోక మెల్లగా పైకి లేపి. ఆ తర్వాత ఒకే ఒక్క పేజీ. మర్నాడు పక్కింటి పాప వచ్చి పేరు అడుగుతుంది. నీలు అమ్మ వెనక నుంచి కాస్త పక్కకు వచ్చి, ‘నీలు. ఇది బొంత’ అంటుంది. అక్కడ ఆపేయండి. ధైర్యం గురించి, స్నేహం గురించి ఒక్క ముక్క కూడా కలపొద్దు.

మీరు రాయాలనుకున్నది పిల్లి చనిపోయిన కథ కూడా కావచ్చు. పిల్లలకు అలాంటి కథలు కావాలి, వాళ్ల ఇళ్లలోనూ అది జరుగుతుంది. ఇంట్లో పెరిగే పిల్లులు 12 ఏళ్ల నుంచి 18 ఏళ్ల దాకా బతుకుతుంటాయి. పాప పుట్టకముందు నుంచే ఇంట్లో ఉన్న పిల్లి, పాప చిన్నగా ఉండగానే ముసలిదైపోవచ్చు. అలాంటి కథలో ‘చనిపోయింది’ అనే రాయండి. ‘నిద్రపోయింది’ అంటే పిల్లలకు పడుకోవాలంటే భయం పట్టుకుంటుంది. ‘వెళ్లిపోయింది’ అంటే తిరిగొస్తుందని ఎదురుచూస్తారు. పాప తప్పేమీ లేదన్నది కథలో ఎవరి చేతైనా స్పష్టంగా అనిపించండి, ఎందుకంటే చిన్నపిల్లలు తమ వల్లే అలా జరిగిందేమోనని లోలోపల అనుకుంటారు, పైకి అడగరు. వెంటనే కొత్త పిల్లికూనను తెచ్చి చివరి పేజీని నవ్వులతో నింపకండి. బొంత చోటు కొన్నాళ్లు ఖాళీగా ఉండనివ్వాలి.

10. బొమ్మలు

బొమ్మలు వేరేవాళ్లు వేస్తుంటే కథతో పాటు ఒక పేజీ వివరాలు ఇవ్వండి. ముఖ్యంగా మచ్చలు. నల్ల మచ్చ ఏ కంటి మీద ఉందో, నారింజ రంగు ఏ చెవికి ఉందో, తోక కొస ఏ రంగో రాసివ్వండి. పిల్లలు ఒకే పుస్తకాన్ని పదే పదే చూస్తారు, ఐదో పేజీలో మచ్చ కుడి నుంచి ఎడమకు మారితే ముందు వాళ్లకే తెలుస్తుంది. బొమ్మలో కనిపించేదాన్ని వాక్యంలో మళ్లీ చెప్పకండి. పెట్టె వెనక తోక కొస బొమ్మలో కనిపిస్తూ ఉండి, కథలో ఎవరూ దాన్ని చూడకపోతే పిల్లలు వేలు పెట్టి చూపిస్తూ కేకలు వేస్తారు.

11. వినిపించి చూడండి

ముందు ఒక్కరే గదిలో కూర్చుని పైకి చదవండి. మీ ఊపిరి అందని వాక్యం పొడవైనదని, నాలుక తిరగని వాక్యం కష్టమైనదని లెక్క. తర్వాత ఒకరిద్దరు పిల్లలను కూర్చోబెట్టుకుని వినిపించండి. మీరే రాశారని చెప్పకండి. ‘నచ్చిందా?’ అని అడిగితే నచ్చిందనే అంటారు. ‘ఏం జరిగిందో చెప్పు’ అని అడగండి. వాళ్లు వదిలేసిన ఘట్టం కథలో ఉండాల్సిన అవసరం ఉందో లేదో చూడండి. వాళ్లు కొత్తగా కలిపింది ఏదైనా ఉంటే రాసి పెట్టుకోండి, అది మీ కథలో లేని లోటు కావచ్చు.

చదువుతున్నంత సేపూ కాగితం మీదే కళ్లు పెట్టకుండా వాళ్ల వైపు చూస్తూ ఉండండి. ఎక్కడ కదిలారో, ఎక్కడ పక్కకు చూశారో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. ఎక్కువగా ఆ గీత వర్ణన దగ్గరో, పెద్దవాళ్లు పెద్దవాళ్లతో మాట్లాడుకునే చోటో పడుతుంది. ఆ రెండు మూడు వాక్యాలు కొట్టేసి, వేరే పిల్లలకు మళ్లీ చదివి వినిపించండి.